కెమెరాకు చిక్కనిదంతా లేనట్టేనా?

నల్లమలలో పులి కెమెరాకు చిక్కితే మర్నాడు పత్రికల్లో బొమ్మ వస్తుంది. చిక్కకపోతే వార్తే లేదు. అంతవరకు సహజమే. అయితే చిక్కకపోవడం కూడా ఎక్కడో ఒకచోట లెక్కకెక్కుతుంది. ఫలానా బీటులో ఫలానా జంతువు జాడ లేదని, ఫలానా గుట్ట వారన ఆ పిట్ట కనిపించలేదని నివేదికలో ఒక గడి ఖాళీగా మిగులుతుంది. రేపు ఆ పక్కన రోడ్డు వేయాలన్నా, గని తవ్వాలన్నా, కాలువ తీయాలన్నా అధికారులు తిరగేసేది ఆ ఖాళీ గడినే. కాబట్టి ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. జంతువు రాలేదా, వచ్చినా కెమెరా చూడలేదా? పులుల గణనపై వచ్చే జాతీయ నివేదికలు ఎన్ని చోట్ల కెమెరాలు కట్టారో, ఎంత విస్తీర్ణం గాలించారో మొత్తాలు ఇస్తాయి. ఏ కెమెరా ఎన్నో రోజున ఆగింది, ఎందుకు ఆగింది, ఆగినట్టు ఎప్పుడు తెలిసింది అన్నది మాత్రం మామూలు పాఠకుడి చేతికి అందదు. కొత్త కెమెరాలకు టెండర్లు పిలవకముందే, ఉన్న కెమెరాల లోపాన్ని వెతికి పట్టే పద్ధతికి మనుషుల్ని, డబ్బును కేటాయించాలన్నది ఈ వ్యాసం వాదన. ఆ పని చేయనంత కాలం కర్నూలు, కడప అడవుల గురించి ‘లేదు’ అనే మాట వాడే అర్హత ఎవరికీ ఉండదు.

ఈ మాటకు కడప జిల్లాలోనే చరిత్ర ఉంది. కలివి కోడి అనే పిట్టను 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1970లలో జరిగిన గాలింపులూ ఫలించలేదు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకులాటలో, సిద్దవటం దాపునున్న రెడ్డిపల్లి ప్రాంతంలో, ఒక స్థానిక పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని సజీవంగా పట్టి తెచ్చాడు. అది రాత్రి తిరిగే పక్షి అన్న సంగతి అప్పటిదాకా శాస్త్రజ్ఞులకు గట్టిగా తెలియదు. ఎనభై ఆరేళ్లు ఆ పిట్ట అక్కడి లంకమల గుట్టల కంపల్లోనే ఉంది. వెతికే పద్ధతికి అది అందలేదు, అంతే. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాతి అధ్యాయం మన చర్చకు ఇంకా దగ్గరిది. పి. జెగనాథన్, ఆయన సహచరులు కంపల నడుమ మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, ఆ మన్నులో పడ్డ అడుగుజాడల్ని కొలిచి, దానితోపాటు దానంతటదే పనిచేసే కెమెరాల్ని వాడి ఈ పిట్ట ఉనికిని కనిపెట్టే పద్ధతిని రూపొందించారు. ఆ ఫలితాలు 2002లో ‘ఓరిక్స్’ పత్రికలో అచ్చయ్యాయి. ఇందులో కెమెరా ఒక్కదానినే నమ్ముకోకపోవడం చూడాలి. మన్నులో అడుగు పడి కెమెరాలో బొమ్మ పడకపోతే లోపం కెమెరాదని తెలిసిపోతుంది. బొమ్మ పడి అడుగు దొరక్కపోతే మన్ను పరచడంలో తేడా ఉందని అర్థం. ఒకదాని తప్పును ఇంకొకటి పట్టిస్తుంది. ఆ తర్వాత పిట్ట కూతనూ రికార్డు చేశారు, దాంతో వెతకడానికి మూడో సాధనం దొరికింది. ఈ పరిశోధన ఊరికే పోలేదు. తెలుగుగంగ కాలువ తవ్వకం పిట్ట ఉండే చోటును చీల్చబోతోందని 2005 ప్రాంతంలో తేలినప్పుడు, చూపించడానికి చేతిలో ఆధారాలున్నాయి గనుకే కాలువ దారి మారింది. అవే ఆధారాలు ఖాళీ గడులై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఒకే దృశ్యాన్ని చాలా కెమెరాలతో పట్టడమన్నది కొత్త విద్య కాదు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేల విడుస్తాయని చూపించాడు. 1990లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టకియో కనాదే బృందం ఒక గోళాకారపు చట్రం చుట్టూ 51 కెమెరాలు బిగించింది. ఇవాళ సినిమా గ్రాఫిక్స్ స్టూడియోల్లో, క్రీడాకారుల కదలికల్ని కొలిచే ప్రయోగశాలల్లో అలాంటి ఏర్పాట్లు మామూలయ్యాయి. ఆ ప్రయోగశాలల్లో ఒక నియమం ఉంటుంది. పని మొదలెట్టేముందు కెమెరాల గడియారాలన్నీ ఒకే క్షణానికి కలిశాయో లేదో చూస్తారు. నలుపు తెలుపు గళ్ల పలకను ప్రతి కెమెరా ముందూ తిప్పి, కొలతలు సరిపోయాయని తేలాకే మనిషిని లోపలికి రానిస్తారు. ఒక కెమెరా మొరాయిస్తే పనాపి, కేబులు మార్చి చూస్తారు, పోర్టు మార్చి చూస్తారు, కెమెరానే మార్చి చూస్తారు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తారు, లేకపోతే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. నల్లమల, లంకమల కూడా పైకప్పు లేని అలాంటి ప్రయోగశాలలే. తేడా ఏమిటంటే అక్కడ కెమెరా ఆగిన క్షణాన తెరమీద తెలుస్తుంది; ఇక్కడ మూడోరోజు ఆగిన కెమెరా సంగతి కార్డు తీయడానికి మనిషి గుట్టెక్కినప్పుడే బయటపడుతుంది. పరీక్షించుకోవాల్సిన అవసరం మనకే ఎక్కువ, ఆ అలవాటు మాత్రం మనకే తక్కువ.

సీమ వాతావరణానికి సంబంధించిన లోపం ఒకటి వివరంగా చెప్పుకోవాలి. కెమెరా ట్రాపు కదలికను కళ్లతో చూసి ఫొటో తీయదు. దాని ముందుభాగంలో ఉండే సెన్సారు వేడిలో తేడాను పసిగడుతుంది. వెనకనున్న నేల, బండ, చెట్టు ఒక ఉష్ణోగ్రతలో ఉండి, ముందునుంచి పోయే ఒళ్లు ఇంకో ఉష్ణోగ్రతలో ఉంటేనే అది మేల్కొంటుంది. హిమాలయపు చలిలో ఈ సెన్సారుకు పని తేలిక. చైత్ర వైశాఖాల్లో కర్నూలు, కడపల సంగతి వేరు. పగలు 40 డిగ్రీలు దాటాక నేల వేడి జంతువు ఒంటి వేడికి సమానమవుతుంది, కొన్నిచోట్ల దాటిపోతుంది. ఆ మధ్యన ఎక్కడో రెండూ ఒకటయ్యే గంటలుంటాయి. ఆ గంటల్లో కెమెరా ముందునుంచి దుప్పి పోయినా సెన్సారుకు ఏమీ పోనట్టే. పొద్దుగూకాక తేలికవుతుందనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. లంకమల పాదాల్లో రాతిగుండ్లు, గులకరాళ్లు పగలంతా మింగిన వేడిని రాత్రి తొలిజాములో వదులుతుంటాయి. కలివి కోడి చురుగ్గా తిరగడం మొదలెట్టేది చీకటి పడ్డాకనే. 27 సెంటీమీటర్ల పిట్ట, ఈకల కింద వేడిని దాచుకున్న ఒళ్లు, వెనక ఇంకా చల్లారని రాయి: సెన్సారుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష పెట్టలేం. అందువల్ల ఎండాకాలంలో వచ్చిన ఖాళీ కార్డుకూ పుష్యమాసంలో వచ్చిన ఖాళీ కార్డుకూ ఒకే విలువ కట్టకూడదు. ఏ నెలలో, ఏ వేళల్లో, నేల ఎంత వేడిమీద ఉండగా కెమెరా పనిచేసిందో రాసి ఉంటేనే ఆ ఖాళీకి అర్థం. చాలా కెమెరాలు ప్రతి ఫొటో మీదా ఉష్ణోగ్రతను ముద్రిస్తాయి. ఖర్చు లేని సమాచారం అది. దాన్ని వాడుకోవాలన్న పట్టుదలే కావాలి.

మిగతా లోపాలు చిన్నవి, కానీ వాటివల్లే ఎక్కువ నష్టం. ఆషాఢ గాలులకు ఊగే బోద కెమెరా ముందుంటే రెండు మూడు రోజుల్లో కార్డు గడ్డి ఫొటోలతో నిండిపోతుంది, ఆ తర్వాత పులి వచ్చి కూర్చున్నా పట్టదు. గొర్రెల మంద ఒకటి దాటితే వందల ఫొటోలు. చీమలు పెట్టె లోపల గూడు పెడతాయి, సాలెపురుగు సెన్సారు ముందే వల అల్లుతుంది. ఎర్రచందనం దొంగల కంటపడ్డ కెమెరా మిగలడం కష్టం. వీటన్నిటికంటే మోసకారి గడియారం. బ్యాటరీలు తీసి కొత్తవి వేసినప్పుడు కొన్ని రకాల కెమెరాల్లో తేదీ చెరిగి మొదటికి వస్తుంది, ఎవరూ సరిచేయకపోతే నల్లమల పులి ఎప్పటిదో ఏడాది జనవరి 1న నడుస్తూ కనిపిస్తుంది. పులి గణనలో దారికి రెండువైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు, ఎందుకంటే పులి కుడిపక్క చారలు ఎడమపక్క చారల్లా ఉండవు. రెండు గడియారాల మధ్య పది నిమిషాల తేడా ఉంటే ఆ కుడిపక్క, ఈ ఎడమపక్క ఒక పులివేనా రెండు పులులవా అన్న సందేహం వస్తుంది. సరిగ్గా ఎదురెదురుగా కడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడి బొమ్మ తెల్లబారుతుంది, కాస్త పక్కకు జరపాలి. ఇవేవీ రాకెట్ విద్యలు కావు. కెమెరా కట్టిన రోజున, కార్డు మార్చిన ప్రతిసారీ, చోటు నంబరు, తేదీ, సమయం రాసిన పలకను కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో తీయిస్తే గడియారం తప్పు ఎంతో తర్వాతైనా సరిదిద్దుకోవచ్చు. పులి ఎత్తులో వంగి నడిచి, కుందేలు ఎత్తులో చేతులూ మోకాళ్ల మీద పాకి కెమెరా మేల్కొందో లేదో చూసుకోవచ్చు. అడవిలో పెద్ద మనిషి కాళ్లూ చేతులమీద పాకడం చూసేవాళ్లకు నవ్వు తెప్పిస్తుంది, కానీ ప్రయోగశాలలో గళ్ల పలక తిప్పడం కూడా ఇదే పని.

‘ఇదంతా గణాంక శాస్త్రజ్ఞులకు తెలియని విషయమా?’ అని చదువుకున్నవారు అడుగుతారు. గట్టి ప్రశ్నే. 1990లలో నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ కెమెరా ఫొటోలతో పులుల సంఖ్యను అంచనా కట్టే పద్ధతిని ప్రవేశపెట్టినప్పటినుంచీ, కెమెరాకు చిక్కని పులులెన్నో లెక్కవేసి కలపడమే ఆ పద్ధతికి ప్రాణం. 2018 గణనలో దేశంలో 2,967 పులులున్నాయని అంచనా వేస్తే, అందులో విడివిడిగా ఫొటోకు చిక్కినవి 2,461. తక్కినవి లెక్క తేల్చినవే, అలా లెక్కగట్టడం తప్పు కాదు. కానీ ఈ సవరణకు ఒక షరతు ఉంది. చిక్కే అవకాశం ఎంత తక్కువైనా కొంతైనా ఉండాలి. పదిసార్లలో ఒకసారి చిక్కే జంతువుకు సవరణ వేయొచ్చు. కెమెరాను పులి కోసం బాట పక్కన మోకాలెత్తులో కట్టి, ఆ బాట తొక్కని చిన్న పిట్టను లెక్కించబోతే చిక్కే అవకాశం సున్నా. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే. విడివిడిగా జరిగే పొరపాట్లను గణాంకాలు భరిస్తాయి, ప్రతిసారీ ఒకేవైపు జరిగే పొరపాటును భరించలేవు. ఆ రెండో రకాన్ని నేలమీదికి దిగి వెతకాల్సిందే. కెమెరాలకు ముందు, పంజా గుర్తులతో పులుల్ని లెక్కించిన కాలంలో జరిగిందీ అదే. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, 2005 నాటికి అడవిలో ఒక్కటీ లేదని తేలింది. సునీతా నారాయణ్ నేతృత్వంలో టైగర్ టాస్క్‌ఫోర్స్ వేయాల్సి వచ్చింది. పద్ధతి లోపాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పరీక్షించకపోవడం వల్ల వచ్చిన అనర్థమది. అక్కడ లేనివాటిని ఉన్నాయనుకున్నాం. కెమెరా యుగంలో ఉన్నవాటిని లేవనుకునే ప్రమాదం దానికి తక్కువేమీ కాదు.

రెండో అభ్యంతరం సాంకేతికతను నమ్మేవాళ్లది. ఫొటో తీసిన వెంటనే ఫోనుకు పంపే కెమెరాలు వచ్చేశాయి, కృత్రిమ మేధ ఫొటోలను వేరుచేస్తోంది, ఇక మనుషుల్ని గుట్టలెక్కించడం ఎందుకని అడుగుతారు. నిజమే, అవి లేకుండా ఈ పని సాగదు. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. గిన్నిస్ రికార్డుకెక్కిన లెక్క అది. అందులో పులి ఉన్నవి 76,651. అంటే వెయ్యి ఫొటోలకు రెండు చిల్లర. ఇన్ని కోట్ల బొమ్మలను మనిషి కళ్లతో ఏరడం అయ్యే పని కాదు గనుకే క్యాట్‌రాట్ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. అయితే యంత్రం తాను నేర్చుకున్నదాన్నే గుర్తుపడుతుంది. వేల పులి బొమ్మలు చూసి నేర్చిన యంత్రానికి కలివి కోడిని నేర్పడానికి ఎన్ని బొమ్మలున్నాయి? వేళ్లమీద లెక్కపెట్టేంత. అరుదైన ప్రాణి దగ్గరే యంత్రం బలహీనపడుతుంది, మనకు ఎక్కువ కావాల్సిందేమో అరుదైనదాని జాడే. ఫోనుకు పంపే కెమెరాకు సిగ్నలు కావాలి, నల్లమల లోపల ఎంత దూరం సిగ్నలు దొరుకుతుందో శ్రీశైలం ఘాట్‌లో బస్సెక్కిన ప్రతి భక్తుడికీ తెలుసు. దొరికే చోట్ల అలాంటి కెమెరాలు తప్పక పెట్టాలి, ఆగిన సంగతి ఆ రోజే తెలుస్తుంది. దొరకని చోట్లకు మనిషే పోవాలి.

ఆ మనిషి ఎవరన్నది ఈ చర్చలో ఎప్పుడూ వెనక్కి పోతుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఆత్మకూరు, సున్నిపెంట వైపు బేస్ క్యాంపుల్లో ఉండేవాళ్లు, ప్రొటెక్షన్ వాచర్లుగా తిరిగేవాళ్లు చాలావరకు చెంచులు. కెమెరా కట్టడానికి చెట్టు చూపించేదీ, కార్డు తెచ్చేదీ వాళ్లే. నీళ్లు ఏ వంకలో నిలిచాయో, పులి బాట ఏ నెలలో ఎటు మారుతుందో వాళ్లకు తెలుసు. కెమెరా ఎందుకు ఖాళీగా వచ్చిందన్న ప్రశ్నకు సగం జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది: ఆ దారిలో కట్టెలు కొట్టేవాళ్లు తిరిగారనో, జంతువుల దాహానికి కట్టిన సాసర్‌పిట్‌లో నీళ్లు ఎండాయనో, కెమెరా కట్టిన కొమ్మ గాలికి వంగిందనో. ఆ జవాబు ఏ కాలమ్‌లోనూ నమోదు కాకపోతే దానికి విలువ లేకుండా పోతుంది. 1986లో పిట్టను పట్టి తెచ్చింది కూడా డిగ్రీలున్న మనిషి కాదు. సున్నిపెంటలో బయోడైవర్సిటీ రీసెర్చ్ సెంటర్ ఉంది. నల్లమల కెమెరాల లోపాల చిట్టాను నడిపే బాధ్యత దానికి అప్పగించి, పలకమీద తేదీ రాయడం, పాకి పరీక్షించడం, ఖాళీకి కారణం చెప్పడం నేర్చిన వాచర్లకు సాంకేతిక సిబ్బంది హోదా, దానికి తగిన జీతం ఇస్తే కెమెరాల కొనుగోలు ఖర్చుతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు.

అటవీ శాఖలోపల వినిపించే మూడో అభ్యంతరం ఉంది. లోపాలు బయటపెడితే విమర్శకులకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది, కెమెరా లేని చోట్లు వేటగాళ్లకు తెలిసిపోతాయి. రెండోదానికి జవాబు తేలిక. చోట్ల పేర్లు, అక్షాంశాలు అక్కర్లేదు. వంద కెమెరాల్లో ఎన్ని, ఎన్ని రాత్రులు, ఏ కారణాన ఆగాయో చెబితే చాలు. మొదటిదానికి జవాబు ఆంధ్రప్రదేశ్ పులుల సంఖ్యలోనే ఉంది. 2018లో 48, 2022లో 63. ఈ పెరుగుదలను చూసి సంతోషించాలి. కానీ ఇందులో పులులు పెరిగినందువల్ల వచ్చిందెంత, కెమెరాలు మెరుగ్గా పనిచేసినందువల్ల వచ్చిందెంత అని ఎవరైనా అడిగితే, రెండు గణనల్లోనూ కెమెరాల పనితీరు చిట్టా పక్కపక్కన పెట్టి చూపించగలిగిన శాఖకే ఆ సంఖ్య నిజమైన కీర్తి అవుతుంది. చిట్టా లేకపోతే పొగడ్తా నిలవదు, విమర్శా నిలవదు.

రోళ్లపాడు సంగతి ఒకమాటలో. 1988లో బట్టమేక పిట్ట కోసం కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఏర్పడిన ఈ చిన్న అభయారణ్యంలో ఆ పిట్ట జాడ కరువై ఏళ్లయింది. గడ్డిమైదానంలో కెమెరా కట్టడానికి చెట్టుండదు, దాగడానికి చాటుండదు, గాలికి గడ్డి ఊగని క్షణముండదు. అడవి పద్ధతిని అలాగే తెచ్చి అక్కడ పెట్టి, ఖాళీ కార్డు చూసి తీర్పు చెప్పడం తగదు. అక్కడ దూరం నుంచి చూసే దుర్భిణీ, పొలాల్లో తిరిగే రైతు మాట, వానాకాలపు నడక ఇవే ముందు, కెమెరా తర్వాత.

పులుల గణన నాలుగేళ్లకోసారి జరుగుతుంది. ఈసారి నివేదిక వెలువడేటప్పుడు రాష్ట్ర అటవీ శాఖ మూడు వివరాలు జతచేయాలి: ఒక్కో కెమెరా నిజంగా మేల్కొని ఉన్న రాత్రులు, ఆగిన కారణాలు, ఆగినట్టు తెలుసుకోవడానికి పట్టిన రోజులు. లంకమలలో కలివి కోడి కోసం కట్టే కెమెరాల పక్కన మన్ను పట్టీలు, కూత రికార్డు చేసే పరికరాలు తప్పనిసరి చేయాలి. ఆ మూడింటిలో రెండైనా పనిచేసినట్టు రుజువు లేనంతవరకు, ఏ ప్రాజెక్టు ఫైలు మీదా ‘ఇక్కడ కలివి కోడి లేదు’ అన్న వాక్యానికి సంతకం పెట్టకూడదు.